గడప దగ్గరి పరీక్ష: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

యూరోపియన్ యూనియన్‌లో చేరాలని క్యూ కట్టిన దేశాల్లో అవినీతి, మానవ హక్కుల పరిస్థితి మీద గత సంచికలో ఒక వ్యాసం వేశాం. పెద్దవాళ్ల మీద కేసు పెట్టే అధికారిని ఎవరు నియమిస్తారు, ఎవరు తీసేయగలరు అన్న ఒక్క విషయం చూస్తే ఆ దేశం సంగతి చాలావరకు తెలిసిపోతుందని అందులో రాశాం. దాని మీద తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

కూటమి అంటే వ్యాపారం కోసమే కదా. ఎవరి దేశంలో లంచాలు నడిస్తే పక్కవాళ్లకేం? మానవ హక్కుల గొడవ మధ్యలో ఎందుకొచ్చింది?
— డిగ్రీ విద్యార్థిని, పాలమనేరు

వ్యాపారం కోసమే అనుకున్నా అడగక తప్పదు. యూనియన్‌లో ఒక దేశపు కోర్టు ఇచ్చిన అరెస్టు వారెంటు మిగతా దేశాల్లో చెల్లుతుంది. ఒక దేశం ముద్ర వేసిన సరుకు 27 దేశాల్లో తిరుగుతుంది. ఆ కోర్టు అమ్ముడుపోయినా, ఆ ముద్ర డబ్బుకు దొరికినా దెబ్బ అందరికీ తగులుతుంది. మీ జిల్లా తోతాపురి గుజ్జు యూరప్‌కు ఎక్కేముందు పురుగుమందుల అవశేషాల పరీక్ష జరుగుతుంది కదా. గుజ్జు ఎంత బాగున్నా, పరీక్ష చేసిన ల్యాబ్‌ను నమ్మలేకపోతే ఆ కాగితానికి విలువ లేదు. దేశం విషయంలో ఆ ల్యాబ్ స్థానంలో ఉండేది న్యాయవ్యవస్థ.

ఈ షరతు 1993 జూన్‌లో కోపెన్‌హాగెన్ సమావేశంలో ఖరారైంది. ప్రజాస్వామ్యానికి, చట్టబద్ధ పాలనకు, మానవ హక్కులకు, మైనారిటీల రక్షణకు పూచీ పడే స్థిరమైన సంస్థలు ఉండాలన్నది అందులో మొదటిది. పోటీకి తట్టుకునే మార్కెట్, సభ్యత్వ బాధ్యతలు మోయగల సత్తా ఆ తర్వాతివి.

ప్రక్రియ ఇలా నడుస్తుంది. దరఖాస్తు పెట్టాక యూనియన్ పాలనా యంత్రాంగమైన యూరోపియన్ కమిషన్ అభిప్రాయం చెబుతుంది. సభ్యదేశాలన్నీ ఒప్పుకుంటే అభ్యర్థి హోదా వస్తుంది. తర్వాత చర్చలు. యూనియన్ చట్టాలన్నిటినీ 35 అధ్యాయాలుగా విడగొట్టి, ఒక్కోదాన్నీ ఆ దేశపు చట్టాలతో పక్కపక్కన పెట్టి చూస్తారు. వీటిలో 23వ అధ్యాయం న్యాయవ్యవస్థ, ప్రాథమిక హక్కులది. అవినీతి నిరోధం దీని కిందికే వస్తుంది. 24వది పోలీసు, సరిహద్దు, వ్యవస్థీకృత నేరాలకు సంబంధించినది. ఈ రెండూ మొదట తెరుస్తారు, అన్నిటికన్నా చివర మూస్తారు. వీటిలో కదలిక లేకపోతే మిగతావాటి వేగమూ తగ్గిపోతుంది. ఇంత జరిగినా అడుగడుగునా ప్రతి సభ్యదేశం సరే అనాలి. మాంటెనెగ్రో 2012 జూన్‌లో చర్చలు మొదలుపెట్టింది. దశాబ్దం దాటినా ఆ చర్చలు నడుస్తూనే ఉన్నాయంటే కారణం ఈ మెట్లే.

చట్టం చేశామంటే మార్కులు పడే రోజులు పోయాయి. ఇప్పుడు ట్రాక్ రికార్డు అడుగుతారు. పెద్ద హోదాల్లో ఉన్నవాళ్ల మీద ఎన్ని దర్యాప్తులు మొదలయ్యాయి, వాటిలో ఎన్ని ఛార్జిషీటు దాకా వచ్చాయి, ఎన్నిట్లో తుది తీర్పు పడింది, ఎంత ఆస్తి జప్తయింది. ఈ నాలుగు అంకెలూ వరసగా చూస్తే గొట్టం ఎక్కడ పూడుకుపోయిందో బయటపడుతుంది. దర్యాప్తులు వందల్లో ఉండి తుది తీర్పులు వేళ్ల మీద లెక్కపెట్టేలా ఉంటే, కేసులు బెదిరింపుకు వాడుతున్నారనైనా అనుకోవాలి, కోర్టులో ఎవరో తొక్కిపెడుతున్నారనైనా అనుకోవాలి.

జడ్జీలే లంచాలు తింటుంటే ఎవరు ఎవర్ని శుభ్రం చేస్తారు? ఏ దేశమైనా నిజంగా చేసి చూపించిందా?
— న్యాయవాది, చిత్తూరు

అల్బేనియా చేసింది. అక్కడ ఏం జరిగిందో కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మందు పనిచేసింది, దానితోపాటు జబ్బూ తెచ్చింది.

2016 జూలైలో అక్కడి పార్లమెంటు 140 మంది సభ్యులూ ఏకగ్రీవంగా రాజ్యాంగాన్ని సవరించారు. దేశంలోని సుమారు 800 మంది జడ్జీలు, ప్రాసిక్యూటర్లు ప్రతి ఒక్కరూ మళ్లీ పరీక్షకు నిలబడాలి. చూసేవి మూడు: ఆస్తులు, నేర ముఠాలతో సంబంధాలు, వృత్తిలో సమర్థత. దీనికి విడిగా ఒక కమిషన్, దాని మీద అప్పీలుకు ఇంకో ధర్మాసనం, రెండింటి పనీ గమనించడానికి విదేశీ నిపుణుల బృందం పెట్టారు.

ఆస్తుల దగ్గరే ఎక్కువమంది చిక్కుకున్నారు. నిరూపించే బరువు పరీక్షించేవాళ్ల మీద కాక జడ్జి మీదే పెట్టారు. ఫ్లాట్ ఉంటే అది ఏ ఏడాది కొన్నారు, అప్పటికి మీ దంపతుల జీతాలు కలిపి ఎంత, ఇంటి ఖర్చు పోను ఎంత మిగిలి ఉంటుంది, తక్కింది ఎక్కణ్ణుంచి వచ్చింది? మా బావ అప్పిచ్చాడంటే సరిపోదు, ఆ బావకు అంత ఆదాయం ఉందని, దానికి పన్ను కట్టాడని కాగితం చూపాలి. సగానికి పైగా నిలవలేకపోయారు. పరీక్షకు కూర్చోకుండా ముందే రాజీనామా చేసి వెళ్లిపోయినవాళ్లూ వీళ్లలో ఉన్నారు. అదే సంస్కరణ కింద 2019లో స్పాక్ అనే ప్రత్యేక ప్రాసిక్యూషన్ సంస్థ మొదలైంది. మంత్రులు, మేయర్లు, అంతకంటే పెద్దవాళ్ల మీదా అది కేసులు పెడుతోంది.

ఇక జబ్బు సంగతి. తీసేసినంత వేగంగా కొత్తవాళ్లను పెట్టలేకపోయారు. 2018 నుంచి చాలాకాలం రాజ్యాంగ న్యాయస్థానంలో కోరం లేదు, సుప్రీంకోర్టు బెంచీలు ఖాళీ అయ్యాయి, పెండింగ్ కేసులు కొండలా పెరిగాయి. భూమి తగాదా కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన మనిషికి అది న్యాయం అందకపోవడమే, అంటే అదీ హక్కుల ఉల్లంఘనే. మా అభిప్రాయంలో వడపోత తప్పు కాదు. కొత్త జడ్జీలకు శిక్షణ ఇచ్చే ఏర్పాటు రెండు మూడేళ్ల ముందే సిద్ధం చేసుకోకపోవడం తప్పు.

చేరేదాకా బుద్ధిగా ఉండి, చేరాక పాత పద్ధతికే పోతే? అడిగేవాళ్లు ఎవరు?
— గ్రూప్స్ అభ్యర్థి, తిరుపతి

ఈ ప్రశ్నే అసలైనది. బయట ఉన్నంతసేపే బెత్తం పనిచేస్తుంది. లోపలికొచ్చాక ఒక్క దేశం వీటో చాలు, ఇంకో దేశాన్ని కాపాడేస్తుంది. హంగరీ 2004లో చేరింది. 2018 సెప్టెంబరులో యూరోపియన్ పార్లమెంటు యూనియన్ ఒప్పందంలోని ఏడో అధికరణం కింద దాని మీద చర్య మొదలుపెట్టింది. ఆ అధికరణం కింద ఓటు హక్కు తీసేయాలంటే ముందు మిగతా దేశాలన్నీ ఒక్కమాట మీద ఉల్లంఘన జరిగిందని తేల్చాలి. అది కుదరలేదు. చివరికి కదిలించింది డబ్బే: 2022 డిసెంబరులో హంగరీకి రావలసిన నిధుల్లో 630 కోట్ల యూరోలు ఆపేశారు. టెండర్లలో అవకతవకలు, ప్రాసిక్యూషన్ మీద పర్యవేక్షణ లేకపోవడం కారణాలుగా చూపారు.

రుమేనియా కథ ఇంకా నేర్పుతుంది. 2007 జనవరి 1న బల్గేరియాతో పాటు చేరింది. పని పూర్తికాలేదని అందరికీ తెలుసు గనుక, చేరాక కూడా ఏటా నివేదికలిచ్చే ప్రత్యేక పర్యవేక్షణ పెట్టారు. అది 2023 దాకా సాగింది. ఆ కాలంలో అక్కడి అవినీతి నిరోధక డైరెక్టరేట్ మంత్రులను, ఎంపీలను జైలుకు పంపింది. దెబ్బ తిన్నవాళ్లు ఊరుకుంటారా? 2017 జనవరి 31 రాత్రి ప్రభుత్వం ఒక అత్యవసర ఆర్డినెన్సు తెచ్చింది. అధికార దుర్వినియోగం వల్ల జరిగిన నష్టం 2 లక్షల లేయీల కన్నా తక్కువైతే అది నేరం కాదట. అప్పటి లెక్కన సుమారు 44 వేల యూరోలు. చదవడానికి ఒట్టి సాంకేతిక సవరణలా ఉంటుంది. ఆ ఒక్క అంకెతో నడుస్తున్న కేసులు ఎన్నో ఎగిరిపోయేవి. లక్షల మంది గడ్డకట్టే చలిలో వీధుల్లోకి వచ్చారు, ఐదారు రోజుల్లో ఆర్డినెన్సు వెనక్కి పోయింది.

ఏడాదిన్నర తర్వాత, 2018 జూలైలో, డైరెక్టరేట్ అధిపతి లౌరా కొడ్రుత్సా కొవెషిని పదవీకాలం ముగియకముందే తీసేశారు. ఆ తొలగింపును అక్కడి కోర్టులో సరిగ్గా సవాలు చేసే దారి ఆమెకు లేకపోయింది. ఆమె స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్లారు. న్యాయమైన విచారణ హక్కు, భావప్రకటన హక్కు రెండూ ఉల్లంఘనకు గురయ్యాయని 2020 మేలో ఆ కోర్టు చెప్పింది. అవినీతి, మానవ హక్కులు రెండు వేరు ఫైళ్లు అనుకునేవాళ్లు ఈ తీర్పు చదవాలి. ఆ తీర్పు రాకముందే, 2019లో, కొవెషి యూరప్ మొదటి చీఫ్ ప్రాసిక్యూటర్‌గా నియమితులయ్యారు. ఆ కార్యాలయం 2021 జూన్ 1న పని మొదలుపెట్టింది.

క్రొయేషియాలో ఇదే ముడి ఇంకో వైపు నుంచి పడింది. చర్చల చివరి దశలో, 2010 డిసెంబరులో, మాజీ ప్రధాని ఇవో సనాదెర్ ఆస్ట్రియాలో అరెస్టయ్యారు. అవినీతి కేసుల్లో 2012లో శిక్ష పడింది. 2013లో దేశం యూనియన్‌లో చేరింది. 2015లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ శిక్షను కొట్టేసింది, విచారణలో నిందితుడి హక్కులు పాటించలేదని. మళ్లీ మొదటి నుంచి విచారణ జరిపి, 2019లో తిరిగి శిక్ష వేయాల్సి వచ్చింది. నిందితుడి హక్కులు పాటించకుండా తొందరపడితే లాభపడేది ఆ నిందితుడే.

ఇంకా బయటే ఉన్న ఉక్రెయిన్ సంగతి చూడండి. 2025 జూలై 22న అక్కడి అవినీతి నిరోధక బ్యూరోను, ప్రత్యేక ప్రాసిక్యూటర్‌ను ప్రాసిక్యూటర్ జనరల్ గుప్పిట్లో పెట్టే చట్టం మీద సంతకం పడింది. యుద్ధం నడుస్తుండగానే జనం అట్ట ముక్కల మీద నినాదాలు రాసుకుని కీవ్ వీధుల్లో నిలబడ్డారు, యూరప్ నుంచీ ఒత్తిడి వచ్చింది. జూలై 31కల్లా స్వతంత్రత తిరిగిచ్చే చట్టం పాసైంది. తొమ్మిది రోజుల్లో అంత మార్పు. లోపల ఉన్న హంగరీ విషయంలో ఏళ్లు పట్టింది, బయట ఉన్న ఉక్రెయిన్‌లో రోజుల్లో తేలింది.

సార్, మా వాడు జార్జియాలో ఎంబీబీఎస్ మూడో సంవత్సరం. ఆ దేశం యూరోపియన్ యూనియన్‌లో చేరిపోతుంది, డిగ్రీ యూరప్ అంతా చెల్లుతుంది అని కన్సల్టెన్సీ వాళ్లు చెప్తా ఉన్నారు. నమ్మొచ్చా?
— ఒక తండ్రి, శ్రీకాళహస్తి

ఆ మాట మీద ఆధారపడి ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు. జార్జియాకు 2023 డిసెంబరులో అభ్యర్థి హోదా వచ్చిన మాట నిజమే. 2024లో విదేశీ నిధులు తీసుకునే సంఘాలను, పత్రికలను ప్రత్యేకంగా నమోదు చేయించే చట్టం తెచ్చాక యూనియన్ ఆ ప్రక్రియను నిలిపేసింది. 2024 నవంబరు 28న అక్కడి ప్రభుత్వమే చర్చల ఊసు 2028 చివరిదాకా ఎత్తబోమని ప్రకటించింది. చర్చలు అప్పుడు మొదలైనా, అవి తేలేలోపే మీ అబ్బాయి చదువు అయిపోతుంది.

ఒకవేళ చేరినా, యూనియన్‌లో వైద్య డిగ్రీలకు ఆటోమేటిక్ గుర్తింపు ముఖ్యంగా సభ్యదేశాల పౌరులకోసం పెట్టిన నిబంధన. మన పిల్లలు జర్మనీ లాంటి చోట ప్రాక్టీసు చేయాలంటే ఆ దేశపు భాషా పరీక్ష, వైద్య జ్ఞాన పరీక్ష విడిగా రాయాలి.

మీరు చూసుకోవలసింది మన జాతీయ వైద్య కమిషన్ 2021 నిబంధనలు. కోర్సు 54 నెలలకు తగ్గకూడదు. అదే విదేశీ సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. బోధన ఆంగ్లంలో జరగాలి. అక్కడి పౌరులతో సమానంగా ఆ దేశంలో ప్రాక్టీసు చేసే అర్హత ఆ డిగ్రీకి ఉండాలి. ఎక్కువమంది చిక్కుకునేది ఈ ఆఖరి దాని దగ్గరే, కాబట్టి కాలేజీ నుంచి ఆ మాట రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఇండియాకు వచ్చాక స్క్రీనింగ్ పరీక్ష, మళ్లీ 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉంటాయి.

సెర్బియాలో నిర్మాణ పని, నెలకు లక్ష జీతం, ఏడాదిలో యూరప్ పాస్‌పోర్టు అని ఏజెంటు నాలుగు లక్షలు అడుగుతున్నాడు.
— పుత్తూరు

సెర్బియా యూనియన్‌లో లేదు. 2012 నుంచి అభ్యర్థి, 2014 నుంచి చర్చల్లో ఉంది, అంతే. అక్కడి వీసాతో పక్క దేశాల్లోకి పోవడం కుదరదు. భారతీయులకు వీసా లేకుండా వెళ్లే సౌకర్యం కూడా 2023 జనవరి 1 నుంచి తీసేశారు. ఏడాదిలో పాస్‌పోర్టు అన్నది అబద్ధం.

మన చట్టం ప్రకారం ఏజెంటుకు విదేశాంగ శాఖ లైసెన్సు ఉండాలి. ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఆ నంబరు కొట్టి చూడండి. లైసెన్సు ఉన్నవాడైనా మీ దగ్గర తీసుకోవలసిన సేవా రుసుం 30 వేల రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400 మాత్రమే. నాలుగు లక్షలు అడిగాడంటే అక్కడితో లెక్క తేలిపోయింది. ఉద్యోగ ఒప్పందం, పని అనుమతి, వీసా మూడింటిలోనూ ఒకే యజమాని పేరు ఉండాలి. టూరిస్టు వీసా మీద పొమ్మంటే పోవద్దు. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టమంటే ఇవ్వొద్దు. 2021లో సెర్బియాలోని జ్రెన్యానిన్ పట్టణంలో ఒక టైర్ల ఫ్యాక్టరీ కట్టడానికి వచ్చిన సుమారు 500 మంది వియత్నాం కూలీలు ఎంత హీనమైన షెడ్లలో ఉన్నారో, పాస్‌పోర్టులు లాక్కున్నారన్న ఫిర్యాదులేమిటో బయటికొచ్చి, ఆ డిసెంబరులో యూరోపియన్ పార్లమెంటు తీర్మానం చేసింది. అనుమానం ఉంటే ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 1800 11 3090కి ఫోన్ చేయండి.

మన సార్క్‌కు ఇలాంటి షరతులు ఎందుకు లేవు? మిగతా ఖండాల్లో?
— ఉపాధ్యాయుడు, కుప్పం

దక్షిణాసియా దేశాల కూటమి సార్క్‌కు 1985లో ఢాకాలో రాసుకున్న చార్టరులోనే నిర్ణయాలన్నీ ఏకగ్రీవంగా ఉండాలని, ఇద్దరి మధ్య తగాదాలు, వివాదాలు చర్చకు రాకూడదని ఉంది. మానవ హక్కుల కోర్టు లేదు, కమిషన్ లేదు. 2014 కాఠ్మాండూ తర్వాత శిఖరాగ్ర సమావేశమే జరగలేదు. ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌లో 2009 నుంచి మానవ హక్కుల కమిషన్ ఉంది గానీ సభ్యదేశాన్ని ఆదేశించే అధికారం దానికి లేదు. తూర్పు తిమోర్ 2011లో దరఖాస్తు పెట్టి 2025 అక్టోబరులో చేరింది. ఆ ఆలస్యానికి చెప్పిన కారణాలు ఎక్కువగా ఆర్థిక, పరిపాలనా సామర్థ్యం గురించే.

బాధ కలిగించేది ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగంలోని దేశాల కూటమి ట్రిబ్యునల్ సంగతి. పరిహారం లేకుండా, కోర్టుకు వెళ్లే దారి మూసేసి రైతుల భూములు లాక్కోవడం చెల్లదని 2008 నవంబరులో జింబాబ్వేకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. జింబాబ్వే పాటించలేదు. మిగతా అధినేతలు జింబాబ్వేను నిలదీయకుండా 2010లో ట్రిబ్యునల్‌నే ఆపేశారు. తర్వాత రాసిన ఒప్పందంలో మామూలు మనిషి ఫిర్యాదు చేసే హక్కే తీసేశారు.

అవినీతి సూచీలో మన ర్యాంకు చూసి సిగ్గుపడాలా?
— చంద్రగిరి

ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ సంస్థ వేసే ఈ సూచీలో మార్కులు ఎంత ఎక్కువైతే అవినీతి అంత తక్కువని లెక్క. 2024 సూచీలో మనకు 100కి 38. అయితే అది నిపుణులు, వ్యాపారుల అభిప్రాయాల సగటు. లంచాల లెక్క కాదు. అదే సూచీలో యూనియన్ సభ్యదేశం హంగరీకి 41 వస్తే, చర్చలే మొదలుపెట్టని జార్జియాకు 53 వచ్చింది. జార్జియా 2004లో వేలమంది ట్రాఫిక్ పోలీసులను ఒక్కసారిగా తీసేసి కొత్తవాళ్లను పెట్టింది. రోడ్డు మీద చేయి చాపడం దాదాపు పోయింది. అదే దేశంలో 2012 సెప్టెంబరులో జైలులో ఖైదీలను చిత్రహింసలు పెడుతున్న వీడియోలు బయటపడి ప్రభుత్వమే ఓడిపోయింది. చిన్న లంచం పోయినంత మాత్రాన లాకప్పులో మనిషికి భద్రత వచ్చినట్టు కాదు. సూచీ చూడండి, దానితోపాటు జైళ్ల నివేదికలూ చూడండి.

ఉక్రెయిన్‌లో అధికారుల ఆస్తులు ఇంటర్నెట్‌లో పెడతారని గత సంచికలో రాశారు. మనకూ ఏమైనా దారుందా? మ్యుటేషన్‌కు ఒక కార్యాలయంలో ఐదు వేలు అడిగారు.
— నగరి

ఉక్రెయిన్‌లో ఆ పద్ధతి 2016లో మొదలైంది. 2020 అక్టోబరులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానమే దాన్ని దెబ్బతీసింది, మళ్లీ నిలబెట్టారు. యుద్ధంలో మూసేసిన జాబితాను 2023 చివర తిరిగి తెరిచారు.

మీ పనికి వస్తే, లంచం అడిగిన వెంటనే ఇవ్వకండి, కాదనకండి. అవినీతి నిరోధక శాఖకు (ఏసీబీ) చెప్పండి. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇచ్చినవాడూ నేరస్తుడే. అయితే బలవంతం మీద ఇచ్చి ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేస్తే మినహాయింపు ఉంది. ముందే ఏసీబీకి చెప్పి వాళ్ల సూచన మీద ఇస్తే అసలు నేరమే కాదు.

ట్రాప్ ఎలా చేస్తారంటే, నోట్ల నంబర్లు సాక్షుల ముందు రాసుకుని, వాటికి ఫినాఫ్తలీన్ పొడి పూస్తారు. కంటికి కనపడదు. అధికారి తీసుకున్నాక అతని వేళ్లను సోడియం కార్బొనేట్ నీళ్లలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. ఆ నీళ్లను సీసాలో పోసి సీలు వేసి ల్యాబ్‌కు పంపుతారు. కేసులు ఎక్కువగా వీగిపోయేది ఇక్కడ కాదు, అడిగాడని నిరూపించే దగ్గర. చేతిలో డబ్బు దొరికినంత మాత్రాన చాలదు, అడిగినట్టు తేలాలని సుప్రీంకోర్టు పదేపదే చెప్పింది. ఫిర్యాదుదారు చనిపోయినా, మాట మార్చినా మిగతా సాక్ష్యాలతో, పరిస్థితులతో దాన్ని నిరూపించవచ్చని 2022 డిసెంబరులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. అందుకే ఎవరు, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ మాటతో అడిగారో అదే రోజు రాసిపెట్టుకోండి. ఫోన్‌లో అడిగితే ఆ కాల్ చెరిపేయకండి.

దాంతోపాటు మీ దరఖాస్తు ఏ తేదీన ఏ టేబుల్ మీద ఉందో సమాచార హక్కు కింద అడగండి. మండల స్థాయి కార్యాలయమైతే రుసుం 5 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే పై అధికారికి మొదటి అప్పీలుకు ఇంకో 30 రోజులు, కమిషన్‌కు రెండో అప్పీలుకు 90 రోజులు సమయం ఉంటుంది. లంచం ఇవ్వలేదని పోలీసులతో కొట్టించడం లాంటిది జరిగితే రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు రాయాలి. ఘటన జరిగిన ఏడాదిలోపే పంపాలి, అది దాటితే తీసుకోరు.